భారతదేశంలో వీడియో గేమ్ కన్సోళ్ళు

వీడియో గేమ్ కన్సోలు అనగా టీవీకి తగిలించి ఆటలు ఆడుకొనుటకు ప్రత్యేకంగా తయారుచేసిన కంప్యూటరు. తెలుగునాట దీనిని "వీడియో గేమ్" అనీ, "టీవీ గేమ్" అనీ వ్యవహరిస్తారు. అమెరికాలో 1972లో మొదలైన ఈ యంత్రాలు భారతదేశంలో 1990లలో గాని సామాన్యుల ఇళ్ళలోకి ప్రవేశించలేదు.

ఇతర దేశాలలో ఒక కన్సోలు గెలుపోటములను దాని హార్డువేరు శక్తి, దానికి లభించే ఆటలు, దాని ధర కలిసి నిర్ణయించగా, భారతదేశంలో మాత్రం ధర, దిగుమతి సుంకం ఈ రెండే ప్రధానంగా నిర్ణయించాయి. అందువలన ఇక్కడ కొత్త యంత్రాల కంటె చవకైన నకలు యంత్రాలు, పాతబడి ధర తగ్గిన యంత్రాలు ఎక్కువ కాలం నిలిచాయి. ప్రపంచ అమ్మకాల పట్టికలలో నకలు యంత్రాల లెక్క ఉండదు. కాబట్టి ఆ పట్టికలను మాత్రమే చూస్తే భారతదేశపు చరిత్రలో పెద్ద భాగం కనిపించదు.

## పనిచేసే విధానం

కన్సోలులో ముఖ్యంగా నాలుగు భాగాలు ఉంటాయి. లెక్కలు చేసే ప్రాసెసరు, బొమ్మను గీసే చిప్పు, తాత్కాలికంగా సమాచారాన్ని దాచుకొనే మెమరీ, ఆటను అందించే క్యాసెట్టు లేదా డిస్కు. ఆటగాడు చేతిలో పట్టుకొనే మీటల పెట్టెను కంట్రోలరు అంటారు. కంప్యూటరులో అనేక పనులు చేసుకోవచ్చు గాని, కన్సోలు ప్రధానంగా ఆటల కొరకే రూపొందినది. ఒక నమూనాకు చెందిన యంత్రాలన్నిటిలో హార్డువేరు ఒకే విధంగా ఉండడం వలన, ఆటను తయారుచేసేవారు ఆ హార్డువేరు శక్తిని పూర్తిగా వాడుకోగలరు. పాత కన్సోలు పైన కూడా ఏళ్ళ తరబడి కొత్త ఆటలు రావడానికి ఇదే కారణం.

సాధారణంగా కన్సోలును తక్కువ లాభానికి, ఒక్కొక్కప్పుడు నష్టానికి అమ్మి, ఆటల అమ్మకాల ద్వారా ఆ లోటును పూడ్చుకోవడం ఈ వ్యాపారంలో ఉన్న పద్ధతి. అసలు ఆటలు కొనేవారు తక్కువగా ఉన్న దేశంలో ఈ పద్ధతి నిలదొక్కుకోవడం కష్టం. భారతదేశంపై విదేశీ సంస్థలు చాలాకాలం శ్రద్ధ చూపకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

## ప్రపంచ నేపథ్యం

ఇళ్ళలో వాడుకొనే మొదటి కన్సోలు మాగ్నవాక్స్ ఒడిస్సీ. రాల్ఫ్ బేర్ చేసిన పరిశోధనల ఫలితంగా ఇది 1972లో అమెరికాలో విడుదలైంది. దీనిలో ప్రాసెసరు లేదు. తెర మీద కదిలే చుక్కలకు తోడుగా, రంగుల బొమ్మలున్న పలుచని ప్లాస్టిక్ రేకులను టీవీ తెరకు అంటించుకొని ఆడేవారు. 1976లో వచ్చిన ఫెయిర్‌ఛైల్డ్ ఛానెల్ ఎఫ్, మైక్రోప్రాసెసరుతో పాటు మార్చుకోదగిన క్యాసెట్లను ప్రవేశపెట్టింది. 1977లో వచ్చిన అటారీ 2600 ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. ఈ యంత్రంలో ఉన్న మెమరీ కేవలం 128 బైట్లు. అయినప్పటికీ ఇది సుమారు 3 కోట్లు అమ్ముడుపోయింది.

1983లో నాసిరకం ఆటలు విపరీతంగా పెరిగి అమెరికాలో ఈ వ్యాపారం కుప్పకూలింది. అదే సంవత్సరం జూలై 15న జపానులో నింటెండో సంస్థ ఫ్యామికాం అనే కన్సోలును విడుదల చేసింది. అదే యంత్రం 1985లో ఎన్.ఇ.ఎస్. అనే పేరుతో అమెరికాకు చేరి ఆ వ్యాపారాన్ని మళ్ళీ నిలబెట్టింది. భారతదేశంలోని అత్యధిక నకలు కన్సోళ్ళకు మూలం ఈ ఫ్యామికామే.

తరువాత సెగా మెగా డ్రైవ్ (1988), సూపర్ ఎన్.ఇ.ఎస్. (1990) వచ్చాయి. 1994 డిసెంబరు 3న సోనీ సంస్థ ప్లేస్టేషన్‌ను విడుదల చేసింది. క్యాసెట్టుకు బదులు సీడీని వాడడం వలన ఆట తయారీ ఖర్చు బాగా తగ్గింది. 10 కోట్ల అమ్మకాలను దాటిన మొదటి టీవీ కన్సోలు ఇదే. 1998లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ విఫలం కావడంతో 2001లో సెగా కన్సోళ్ళ తయారీ నుండి తప్పుకొంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్‌తో ఈ రంగంలో అడుగుపెట్టింది. అప్పటినుండి సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ ఈ మూడే ప్రధాన సంస్థలుగా కొనసాగుతున్నాయి.

## భారతదేశంలో తొలి దశ

### టీవీలు, సుంకాలు

కన్సోలుకు ముందుగా టీవీ కావాలి. భారతదేశంలో రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. 1980లలో టీవీలు వేగంగా వ్యాపించాయి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టీవీలు తెలుగువారి ఇళ్ళలో సుపరిచితం. అయితే వినియోగ వస్తువుల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు, భారీ సుంకాలు ఉండేవి. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైన తరువాత కూడా వినియోగ వస్తువులపై పరిమాణపు ఆంక్షలు చాలావరకు కొనసాగాయి. చివరి ఆంక్షలు 2001 ఏప్రిల్ 1న తొలగిపోయాయి. గల్ఫ్ దేశాలు, సింగపూరు వంటి చోట్ల నుండి బంధువులు తెచ్చిన యంత్రాలే చాలాచోట్ల మొదట కనిపించిన అసలైన కన్సోళ్ళు.

ఎన్.ఇ.ఎస్. యంత్రం భారతదేశంలో సమురాయ్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. సెగా సంస్థ 1995 ఏప్రిల్‌లో షా వాలెస్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని మెగా డ్రైవ్‌ను ఇక్కడ ప్రవేశపెట్టింది. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడం ఈ ఒప్పందపు ఉద్దేశం. అయినప్పటికీ యంత్రం ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో అది మధ్యతరగతి ఉద్యోగికి కొన్ని నెలల జీతం. కాబట్టి అసలు యంత్రాలు సంపన్నుల ఇళ్ళకే పరిమితమయ్యాయి.

### నకలు యంత్రాలు

ఈ ఖాళీని ఫ్యామికాంకు నకళ్ళు నింపాయి. తైవాన్, చైనాలలో తయారైన చిప్పులతో ఇవి రకరకాల పేర్లతో వచ్చాయి. అసలు ఫ్యామికాంలో ప్రాసెసరు, బొమ్మను గీసే చిప్పు వేర్వేరుగా ఉండేవి. ప్రాసెసరు వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్, మెమరీ 2 కిలోబైట్లు. నకలు తయారీదారులు మొదట ఈ చిప్పులను విడివిడిగా అనుకరించారు. తరువాత అన్నిటినీ ఒకే చిప్పులో ఇమిడ్చి, దానిని బోర్డు మీద నల్లటి జిగురు ముద్ద కింద కప్పివేశారు. ఇందువలన తయారీ ఖర్చు అసలు యంత్రపు ఖర్చులో చిన్న భాగానికి పడిపోయింది. కొత్త యంత్రం మూత తీస్తే లోపల దాదాపు ఖాళీగా ఉండడానికి కారణం ఇదే.

భారతదేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీలు సెకనుకు 50 సార్లు బొమ్మను గీస్తాయి. జపాను, అమెరికాల టీవీలు 60 సార్లు గీస్తాయి. అక్కడి ఆటల వేగం ఈ సంఖ్యపైనే ఆధారపడి ఉండడం వలన, అదే ఆట పాల్ యంత్రంలో ఆరవ వంతు నెమ్మదిగా నడిచేది. కొన్ని నకలు చిప్పుల తయారీదారులు లోపలి కాలగణనను సవరించి, జపాను ఆటలు పాల్ టీవీలలో కూడా ఇంచుమించు సరైన రీతిలో నడిచేటట్లు చేశారు. ఈ విధంగా నకలు యంత్రం కొన్ని విషయాలలో ఐరోపాలో అమ్మిన అసలు యంత్రం కంటె మెరుగుగా పనిచేసిందని చెప్పవచ్చు.

### క్యాసెట్లు

ఫ్యామికాం క్యాసెట్టుకు 60 పిన్నులు, ఎన్.ఇ.ఎస్. క్యాసెట్టుకు 72 పిన్నులు ఉంటాయి. నకలు యంత్రాలలో ఎక్కువ భాగం 60 పిన్నులవి. ఒకే క్యాసెట్టులో పదులకొద్దీ ఆటలు పెట్టి అమ్మేవారు. కొన్నిటి మీద "9999 ఆటలు" అని ఉన్నప్పటికీ, లోపల ఉండేవి కొద్ది ఆటలే. అవే ఆటలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు స్థాయిల నుండి మొదలయ్యేటట్లు మళ్ళీమళ్ళీ జాబితాలో కనిపించేవి. సూపర్ మారియో బ్రదర్స్, కాంట్రా, బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, డక్ హంట్ మొదలైనవి ఈ విధంగా ఒక తరం పిల్లలకు పరిచయమయ్యాయి. వీటిని తయారుచేసిన జపాను సంస్థలకు ఈ అమ్మకాల వలన ఏమీ దక్కలేదు.

ఆట రానప్పుడు క్యాసెట్టును తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టడం సర్వసాధారణం. నిజానికి సమస్య లోహపు పిన్నుల మీద పేరుకొన్న మురికి, తుప్పు వలన వచ్చేది. తీసి మళ్ళీ పెట్టడంలో జరిగే రాపిడి వలననే ఆట నడిచేది. ఊపిరిలోని తేమ కాలక్రమేణా పిన్నులకు హాని చేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడవడం సరైన పద్ధతి.

### తుపాకీ ఆటలు

డక్ హంట్ వంటి ఆటలకు యంత్రంతో పాటు ప్లాస్టిక్ తుపాకీ వచ్చేది. తుపాకీ నుండి తెర మీదకు ఏమీ వెలువడదు. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, ఆ వెంటనే పక్షి ఉన్న చోట తెల్లని చదరం కనిపిస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ వెలుగును పసిగడితే గురి తగిలినట్లు యంత్రం లెక్కిస్తుంది. ఇది పాత గాజు గొట్టపు టీవీ బొమ్మను గీసే వేగానికి అనుగుణంగా రూపొందింది. ఆధునిక ఎల్.సి.డి., ఎల్.ఇ.డి. టీవీలు బొమ్మను కొద్ది ఆలస్యంగా చూపుతాయి కాబట్టి వాటి ముందు ఈ తుపాకులు పనిచేయవు.

## ప్లేస్టేషన్ 2 కాలం

2000 మార్చి 4న జపానులో విడుదలైన ప్లేస్టేషన్ 2 ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన టీవీ కన్సోలు. దీనిలోని "ఎమోషన్ ఇంజిన్" అనే ప్రాసెసరు వేగం 294.9 మెగాహెర్ట్జ్, మెమరీ 32 మెగాబైట్లు. పాత ప్లేస్టేషన్ ప్రాసెసరును కూడా దీనిలో ఉంచడం వలన పాత ఆటలు దీనిపై నడిచేవి. అంతేగాక ఇది డీవీడీ సినిమాలను చూపగలదు. ఇంట్లో పెద్దలను ఒప్పించడానికి ఈ ఒక్క సదుపాయం చాలా ఉపకరించింది. 2004లో వచ్చిన సన్నని నమూనా బరువులోను, పరిమాణంలోను చాలా చిన్నది.

అమెరికాలో 299 డాలర్లతో మొదలైన దీని ధర 2009 నాటికి 99 డాలర్లకు తగ్గింది. భారతదేశంలోను ధర దశలవారీగా తగ్గుతూ వచ్చింది. సంపన్న దేశాలలో ప్రజలు ప్లేస్టేషన్ 3కు మారుతున్న సమయంలోనే ఇక్కడ మధ్యతరగతివారు ప్లేస్టేషన్ 2ను కొనసాగారు. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాలలో గంటకు ఇంత అని తీసుకొని ఆడనిచ్చే దుకాణాలు కూడా వెలిశాయి. యంత్రం కొనలేని విద్యార్థులకు ఇవే ఆధారం. సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు వస్తువుల మార్కెట్లు అమ్మకాలకు, మరమ్మతులకు కేంద్రాలయ్యాయి.

అసలు ఆటల డిస్కులు ఖరీదు కావడం వలన నకలు డిస్కుల వాడకం పెరిగింది. యంత్రంలోని రక్షణ ఏర్పాటును దాటవేయడానికి బోర్డుకు ఒక చిన్న చిప్పును సోల్డరు చేసేవారు. దీని వలన సంస్థ హామీ రద్దవుతుంది. యంత్రాలు అమ్ముడుపోతున్నా ఆటలు అమ్ముడుపోకపోవడంతో, కన్సోలు వ్యాపారానికి మూలమైన ఆదాయం భారతదేశం నుండి తగినంతగా రాలేదు.

### హైదరాబాదులో తయారైన ఆటలు

ఈ పరిస్థితిలో సోనీ సంస్థ తక్కువ ధరకు భారతీయ ఇతివృత్తాలతో ఆటలను విడుదల చేసే ప్రయత్నం చేసింది. వీటిలో ముఖ్యమైనవి హైదరాబాదు సంస్థలు రూపొందించినవి.

* హనుమాన్: బాయ్ వారియర్ (2009) - అరోనా టెక్నాలజీస్ సంస్థ ప్లేస్టేషన్ 2 కొరకు తయారుచేసింది. పూర్తిగా భారతదేశంలో రూపొందిన తొలి కన్సోలు ఆటగా దీనిని పేర్కొంటారు. దేవుడిని ఆటగాడు మీటలతో ఆడించడం భక్తి భావానికి తగదని అమెరికాలోని హిందూ ప్రతినిధి రాజన్ జెడ్ అభ్యంతరం తెలపడంతో ఇది అంతర్జాతీయ వార్తలలోకి ఎక్కింది.
* దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా (2009) - గేమ్‌శాస్త్ర సంస్థ తయారుచేసింది. కబడ్డీ, గాలిపటాలు వంటి దేశవాళీ ఆటలు దీనిలో ఉన్నాయి.
* డాన్ 2: ది గేమ్ (2013) - షారుఖ్ ఖాన్ సినిమా ఆధారంగా గేమ్‌శాస్త్ర తయారుచేసింది. ప్లేస్టేషన్ 2 కొరకు వెలువడిన చిట్టచివరి ఆటలలో ఇది ఒకటి.

ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి నిలిచిపోయినట్లు సోనీ 2013 జనవరిలో ప్రకటించింది. అంటే భారతీయ సంస్థలు ఈ యంత్రంపై పట్టు సాధించే నాటికి దాని జీవితకాలం ముగిసింది. ప్లేస్టేషన్ 3 వంటి తరువాతి యంత్రాలపై ఆట తయారుచేయడానికి అనేక రెట్లు ఎక్కువ పెట్టుబడి, సిబ్బంది అవసరం. కాబట్టి ఈ అనుభవం తరువాతి తరం కన్సోళ్ళకు పెద్దగా కొనసాగలేదు.

## ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3

మైక్రోసాఫ్ట్ సంస్థ 2006 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360ను భారతదేశంలో విడుదల చేసింది. ప్రచారానికి సినీ నటుడు అక్షయ్ కుమార్‌ను, క్రికెటరు యువరాజ్ సింగ్‌ను నియమించింది. ఒక పెద్ద విదేశీ సంస్థ ఈ స్థాయిలో కన్సోలుకు ప్రచారం చేయడం దేశంలో అరుదైన సంఘటన. 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3 సుమారు 40,000 రూపాయల ధరతో వచ్చింది.

ఎక్స్‌బాక్స్ 360 తొలి నమూనాలలో వేడి వలన చిప్పుకు, బోర్డుకు మధ్య సంబంధం దెబ్బతిని యంత్రం పనిచేయకుండా పోయేది. అప్పుడు ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగేవి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి హామీని మూడేళ్ళకు పొడిగించి, అందుకొరకు 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. కన్సోళ్ళ చరిత్రలో హార్డువేరు లోపం వలన కలిగిన అతి పెద్ద నష్టాలలో ఇది ఒకటి.

## తరువాతి తరాలు

భారతదేశంలో తరువాతి కన్సోళ్ళ విడుదల వివరాలు ఇవి. ధరలు విడుదల నాటివి.

* ప్లేస్టేషన్ 4 - 2014 జనవరి - 39,990 రూపాయలు
* ఎక్స్‌బాక్స్ వన్ - 2014 సెప్టెంబరు - 39,990 రూపాయలు (కైనెక్ట్ పరికరం లేకుండా)
* ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ - 2020 నవంబరు - 49,990 రూపాయలు
* ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ - 2020 నవంబరు - 34,990 రూపాయలు
* ప్లేస్టేషన్ 5 - 2021 ఫిబ్రవరి - 49,990 రూపాయలు (డిస్కు లేని నమూనా 39,990 రూపాయలు)

ఎక్స్‌బాక్స్ వన్ అమెరికాలో విడుదలైన పది నెలల తరువాత ఇక్కడకు వచ్చింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలు మాత్రం ప్రపంచంతో పాటు అదే రోజున విడుదలయ్యాయి. ప్లేస్టేషన్ 5 సుమారు మూడు నెలలు ఆలస్యమైంది. కోవిడ్ కాలంలో ప్రపంచమంతటా చిప్పుల కొరత ఏర్పడడం వలన, ముందుగా కొనుగోలు నమోదు ప్రారంభించిన ప్రతిసారీ నిమిషాలలో నిల్వలు అయిపోయేవి. నింటెండో స్విచ్ 2017లో ప్రపంచమంతటా విడుదలైనా భారతదేశంలో అధికారికంగా విడుదల కాలేదు. దుకాణాలలో దొరికినవి విడిగా దిగుమతి చేసుకొన్నవి.

## పన్నులు

కన్సోళ్ళు విదేశాల నుండి దిగుమతి అవుతున్నందున వాటి ధరపై రెండు రకాల పన్నులు పడతాయి. మొదటిది కస్టమ్స్ సుంకం. 2018 కేంద్ర బడ్జెట్టులో వీడియో గేమ్ కన్సోళ్ళపై దీనిని 10 శాతం నుండి 20 శాతానికి పెంచారు. రెండవది వస్తు సేవల పన్ను. 2017 జూలైలో ఈ పన్ను మొదలైనప్పుడు కన్సోళ్ళు అత్యధిక శ్రేణి అయిన 28 శాతంలో ఉండేవి. 2018 డిసెంబరులో జరిగిన మండలి సమావేశం దీనిని 18 శాతానికి తగ్గించింది. ఈ తగ్గింపు 2019 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

సుంకం కలిపిన విలువపై రెండవ పన్ను లెక్కిస్తారు. ఉదాహరణకు 100 రూపాయల వస్తువుపై 20 శాతం సుంకంతో 120 రూపాయలు, దానిపై 18 శాతంతో 141 రూపాయల 60 పైసలు అవుతుంది. ఇతర చిన్న రుసుములు, రవాణా ఖర్చులు, దుకాణదారుని లాభం దీనికి అదనం.

## మొబైల్ ఫోన్లు, విశాఖపట్నం

2010 తరువాత భారతదేశంలో కన్సోలుకు అసలైన పోటీ మరొక కన్సోలు నుండి కాక, మొబైల్ ఫోను నుండి వచ్చింది. ఈ మార్పులో విశాఖపట్నానికి ఒక స్థానం ఉన్నది. 2015 ఆగస్టు 10న చైనాకు చెందిన షావోమీ సంస్థ, భారతదేశంలో తయారైన తన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో జరిగిన కార్యక్రమంలో విడుదల చేసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు దీనికి హాజరయ్యాడు. ఫోన్లు తయారైనది రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. అప్పటికి చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తరువాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఈ ఫోను ధర 6,999 రూపాయలు. అదే సమయంలో ప్లేస్టేషన్ 4 ధరలో ఇది ఆరవ వంతు కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఫోనులోని మెమరీ 2 గిగాబైట్లు, అనగా ప్లేస్టేషన్ 2 మెమరీకి 64 రెట్లు. మాట్లాడుకొనుటకు, ఉత్తరాలు పంపుకొనుటకు, సినిమా చూచుటకు ఎలాగూ కొనవలసిన వస్తువులోనే ఆటలు కూడా రావడంతో, ప్రత్యేకంగా ఆటల యంత్రం కొనవలసిన అవసరం చాలామందికి లేకపోయింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై అంతర్జాలపు ఖర్చు పడిపోవడంతో ఈ మార్పు పూర్తయింది. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్ గ్రామాలకు కూడా వ్యాపించింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దీనిని నిషేధించగా, 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో దీని భారతీయ రూపం వచ్చింది.

ఫాక్స్‌కాన్ సంస్థ ఇతర దేశాలలో సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ సంస్థలకు కన్సోళ్ళను తయారుచేసి ఇచ్చింది. అదే సంస్థ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినప్పుడు ఫోన్లను తయారుచేసింది. కర్మాగారం నిలబడాలంటే దగ్గరలో లక్షలకొద్దీ కొనుగోలుదారులు కావాలి. ఫోన్లకు ఉన్న ఆ గిరాకీ కన్సోళ్ళకు లేదు. గిరాకీ లేనందున ఇక్కడ తయారీ లేదు, తయారీ లేనందున సుంకం తప్పదు, సుంకం వలన ధర పెరిగి గిరాకీ ఏర్పడదు. భారతదేశంలో కన్సోళ్ళ వ్యాపారం ఈ వలయం నుండి బయటపడలేకపోయింది.

## తెలుగువారి పాత్ర

హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా బాధ్యతలు స్వీకరించాడు. అతని తండ్రి బి.ఎన్.యుగంధర్ అనంతపురం జిల్లాకు చెందిన ఐ.ఎ.ఎస్. అధికారి. నాదెళ్ళ హయాంలో ఎక్స్‌బాక్స్ విభాగం పెద్దయెత్తున ఆటల సంస్థలను కొనుగోలు చేసింది. మైన్‌క్రాఫ్ట్ ఆటను తయారుచేసిన మోజాంగ్‌ను 2014లో 250 కోట్ల డాలర్లకు కొన్నది. జెనిమ్యాక్స్ మీడియా కొనుగోలు 2021లో పూర్తయింది. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు 2022 జనవరిలో ప్రకటించగా, అనేక దేశాల నియంత్రణ సంస్థల విచారణల తరువాత 2023 అక్టోబరు 13న అది పూర్తయింది. ఆటల రంగంలో అప్పటివరకు జరిగిన కొనుగోళ్ళలో ఇదే అతి పెద్దది. యంత్రాల అమ్మకం కంటె ఆటలకు నెలవారీ చందా వసూలు చేయడం వైపు మైక్రోసాఫ్ట్ మొగ్గు చూపడం ఈ కాలంలోనే జరిగింది.

మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని 1998లో హైదరాబాదులో నెలకొల్పింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ కూడా హైదరాబాదులో ఆటల తయారీ కేంద్రాన్ని నడిపింది. ఈ విధంగా కన్సోళ్ళ కొనుగోలులో వెనుకబడిన తెలుగు ప్రాంతం, ఆటల రూపకల్పనలో ముందుగానే పాలుపంచుకొంది.

## ప్రపంచ అమ్మకాలు

ప్రధాన కన్సోళ్ళ ప్రపంచ అమ్మకాలు ఇలా ఉన్నాయి.

* ప్లేస్టేషన్ 2 (2000) - 15.5 కోట్లకు పైగా
* నింటెండో డి.ఎస్. (2004) - 15.4 కోట్లు
* నింటెండో స్విచ్ (2017) - 15 కోట్లకు పైగా
* గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి (1989) - 11.87 కోట్లు
* ప్లేస్టేషన్ 4 (2013) - 11.7 కోట్లు
* ప్లేస్టేషన్ (1994) - 10.2 కోట్లు
* వీ (2006) - 10.16 కోట్లు
* ప్లేస్టేషన్ 3 (2006) - 8.7 కోట్లు
* ఎక్స్‌బాక్స్ 360 (2005) - 8.4 కోట్లు
* ఫ్యామికాం, ఎన్.ఇ.ఎస్. కలిపి (1983) - 6.19 కోట్లు
* సూపర్ ఎన్.ఇ.ఎస్. (1990) - 4.91 కోట్లు
* సెగా మెగా డ్రైవ్ (1988) - సుమారు 3 కోట్లు
* అటారీ 2600 (1977) - సుమారు 3 కోట్లు
* డ్రీమ్‌కాస్ట్ (1998) - సుమారు 91 లక్షలు

ఈ అంకెలను పోల్చేటప్పుడు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. సంస్థలు ప్రకటించే సంఖ్యలలో అధికభాగం దుకాణాలకు పంపిన యంత్రాలవి, వినియోగదారులు కొన్నవి కావు. పాడైపోయిన యంత్రానికి బదులుగా అదే మనిషి మరొకటి కొంటే రెండుగా లెక్కకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2015 తరువాత యంత్రాల సంఖ్యను ప్రకటించడం మానివేసింది. నింటెండో డి.ఎస్., గేమ్ బాయ్ చేతిలో పట్టుకొని ఆడేవి. స్విచ్‌ను చేతిలో పట్టుకొనీ, టీవీకి తగిలించీ ఆడవచ్చు. ఈ మూడింటిని టీవీకి మాత్రమే తగిలించే యంత్రాలతో పోల్చడం పూర్తిగా సరికాదు.

అన్నిటి కంటె ముఖ్యంగా, ఫ్యామికాంకు చెందిన 6.19 కోట్ల లెక్కలో నింటెండో తయారుచేసిన యంత్రాలు మాత్రమే ఉన్నాయి. భారతదేశం, రష్యా, చైనా మొదలైన దేశాలలో అమ్ముడుపోయిన నకళ్ళను ఏ సంస్థా లెక్కించలేదు. ఫ్యామికాం తయారీ జపానులో 2003లో ఆగిపోయిన తరువాత కూడా వాటి నకళ్ళు భారతీయ బజారులలో దొరుకుతూనే ఉన్నాయి.

## ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* ప్లేస్టేషన్ 2
* మైక్రోసాఫ్ట్
* సత్య నాదెళ్ళ
* శ్రీసిటీ
* విశాఖపట్నం